తామితమ్మ చివరిచూపు

నమోదు 4107

గది తేమ: సరిగ్గా ఉంది. చలి: సరిగ్గా ఉంది. శవాలు: ఇద్దరు మనుషులు, ఒక పిల్లి. ఉన్నచోటే ఉన్నారు.

‘శవాలు’ అని రాయొద్దని ఊరి మండలి కార్యదర్శి దేవీవరప్రసాద్ గారు నాకు ఇప్పటికే చెప్పి చూశారు. ‘ప్రదర్శన వస్తువులు’ అనాలట. నేను నూకరత్నాన్ని, ఎండబావి మ్యూజియం సంరక్షకురాలిని. కుర్చీని వస్తువు అంటాను, చీపురును వస్తువు అంటాను. నాలుగు వేల ఏళ్ల కిందట ఒక ఇంటిని నడిపి, పిల్లల్ని కని, పంటినొప్పితో అల్లాడి చచ్చిపోయిన ఆడమనిషిని వస్తువు అనను. రోజూ ఈ చిట్టాలో పై మూడు ముక్కలూ రాయాలని నియమం ఉంది. వాటి కింద ఇంకేమీ రాయకూడదని ఎక్కడా లేదు. కాబట్టి రాస్తాను. కార్యదర్శి గారు చదువుతారని తెలిసే రాస్తున్నాను.

భూమ్మీద సముద్రం పొంగి మ్యూజియాల నేలమాళిగల్లోకి నీళ్లొచ్చినప్పుడు ఈ మమ్మీలను ఎక్కడ దాచాలో ఎవరికీ తోచలేదట. వాటికి తడి తగిలితే చాలు, బూజు పట్టి మట్టయిపోతాయి. చంద్రుడి మీద, గోతిలో కట్టిన మా ఎండబావిని మించిన పొడి ఊరు ఇంకెక్కడ దొరుకుతుంది? అలా మూడు పెట్టెలు ఇక్కడికి చేరాయి. ఒక పెట్టె మీద ‘ఇంటి యజమానురాలు తామిత్’ అని ఈజిప్టు రాతలో ఉంది. సొరంగాలు తవ్వడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా తాతలు ఆ పేరు చదివించుకుని, వెంటనే చివర అమ్మను తగిలించారు. అప్పటినుంచీ ఆవిడ తామితమ్మ.

పొద్దున్నే నా పని దుమ్ముతో మొదలవుతుంది. చంద్రుడి దుమ్ము తలుపు రబ్బరులోకి, గోళ్లలోకి, టీ గ్లాసులోకి దూరుతుంది. అది దులిపి, తేమ పీల్చే రాళ్ల సంచులను పొయ్యిలో ఎండబెట్టి మార్చి, అద్దాలు తుడిచి తలుపు తీస్తాను. బడిపిల్లలు పిల్లి కోసం వస్తారు. పేరు తెలియని మగమనిషి దగ్గర ఎవరూ ఎక్కువసేపు నిలబడరు, పాపం అతని ముఖానికి గుడ్డలు ఇంకా చుట్టే ఉన్నాయి. తామితమ్మ ముఖం మాత్రం ఎప్పుడో, ఎవరో విప్పేశారు. చింతపండు రంగులో ముడుచుకుపోయిన చర్మం, నుదుటి మీద సన్నటి జడపాయలు, ఒక పన్ను ఊడిన నోరు. ఇప్పుడే పడుకుని, ఎవరూ లేపకూడదని గట్టిగా కళ్లు మూసుకున్నట్టు ఉంటుంది.

ఈ రోజు పంపుల గదిలో పనిచేసే చంద్రావతి వచ్చింది. వాళ్ల నాన్న నిన్న పోయాడు.

“ఒక్కపాలి సూసుకోనీ అప్పా,” అంది. అప్ప అంటే మా వైపు అక్క. “మా నాన్న మొకం సూడనేదు. నాను సేతులు కడుక్కుని ఒచ్చేతలికి బండి ఎల్లిపోనాది.”

చూసుకోమని పక్కకు జరిగాను. తామితమ్మ ముందు నిలబడి, అద్దానికి నుదురు ఆనించి, నాన్నా అంటూ ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, అద్దం మీద పడిన మరకను తన చెంగుతోనే తుడిచి వెళ్లింది. నేను పాడైన రాళ్ల సంచి కుట్టుకుంటూ కూర్చున్నాను.

ఇది మా ఊరి ఆచారం. మా ఊళ్లో చనిపోయినవాళ్లను కాల్చం, పూడ్చం. గంటలోపు తొట్టిలో పెడతాం. ఒంట్లో నీళ్లు ఊరి నీళ్లలో కలుస్తాయి, మిగతాది ఆకుకూరల మడులకు వెళ్తుంది. దాని మీద నాకేమీ కోపం లేదు, నీళ్లు పుట్టని చోట అలాగే బతకాలి. నా కోపమంతా ఆ గంట మీదే. కబురు అందేలోపు, సొరంగంలోంచి పరుగెత్తుకొచ్చేలోపు, తొట్టి మూత పడిపోతుంది. అందుకే చివరిచూపు దక్కనివాళ్లు ఇక్కడికి వస్తారు. ఊరు మొత్తం మీద నిలిచి ఉన్న చనిపోయిన ముఖం ఇదొక్కటే మరి.

నా భర్త సూరన్న మూడో సొరంగంలో పోయినప్పుడు కూడా ఆ గంట నాకోసం ఆగలేదు. అయినా నేను ఎప్పుడూ తామితమ్మ ముందు అలా నిలబడలేదు. నాకు ఇక్కడ చేతినిండా పని ఉంటుంది.

నమోదు 4109

గది తేమ: సరిగ్గా ఉంది. చలి: సరిగ్గా ఉంది. శవాలు: ఇద్దరు మనుషులు, ఒక పిల్లి. ఇంకా ఉన్నారు.

మూడో సందులో ఒక కుటుంబం చనిపోయిన ముసలమ్మను గదిలో పెట్టి తలుపు బిగించుకుంది. పొలమడుల్లో పనిచేసే ఇద్దరు కొడుకులూ వచ్చి చూసేదాకా తియ్యమన్నారు. మండలివాళ్లు తలుపు కోసి ఆవిడను తీసుకెళ్లారు. ఆ వేడి మీదే దేవీవరప్రసాద్ గారు నా దగ్గరికి వచ్చారు.

“నూకరత్నం గారూ, ఈ గదిని ఆకుకూరల మడులకు కేటాయించాలని మండలి తీర్మానించింది. ప్రదర్శన వస్తువులను తొట్టికి పంపుతున్నాం.”

నాకు ముందు నవ్వొచ్చింది. “ఆవిడ ఒంట్లో చుక్క నీళ్లు లేవండీ. ఉప్పులో పెట్టి ఎప్పుడో పిండేశారు. మీ తొట్టికి ఏం దొరుకుతుంది, గుడ్డపేలికలా?”

“నీళ్ల కోసం కాదు.”

“మరి దేనికి?”

ఆయన తామితమ్మ వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ చెప్పారు. “ఈవిడని చూసి చూసి జనానికి అలవాటైంది. ఇక్కడ నిలబడి ఏడ్చినవాళ్లు రేపు మా నాన్నని కూడా ఇలా చూడనివ్వండి అంటారు. అన్నారు కూడా. గంట దాటితే నీళ్లు పాడవుతాయి, జబ్బులొస్తాయి. ఈ ఊరు బతకాలంటే ఆ ఆలోచనే రాకూడదు. చూడాలనుకునేవాళ్లకి వెలుగుబొమ్మ చేయిస్తాం. అన్ని కోణాల్లోంచీ కనబడుతుంది.”

“గంట దాటితే నీళ్లు పాడవుతాయని పరీక్ష చేసి చూశారా?”

“నియమం అండీ అది.”

“నేను అడిగింది పరీక్ష గురించి.”

వెలుగుబొమ్మ ముందు ఏడవమంటే ఎవరు ఏడుస్తారు? గదిలో దీపం ఆర్పితే పోయే బొమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. మాట జారకుండా ఆపుకోవడం నా వల్ల కాలేదు. “మీ నాయనమ్మ పోయినప్పుడు మీకు చివరిచూపు దక్కిందా కార్యదర్శి గారూ?” అని అడిగేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఇంకో మూడు రోజుల్లో ఎత్తుతారని చెప్పి వెళ్లిపోయారు. ముందు తామితమ్మను, తర్వాత మిగతా ఇద్దరినీ.

పిల్లిని కూడా లెక్కలో వేసినందుకు నాకు కాస్త తృప్తిగా ఉంది.

నమోదు 4110

గది తేమ: సరిగ్గా ఉంది. చలి: సరిగ్గా ఉంది. శవాలు: ఎల్లుండి అన్నారుగా, చూద్దాం.

పోలినాయుడు వచ్చాడు. చనిపోయినవాళ్లను తొట్టికి చేర్చే బండి అతనిది. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

“నానేటి సేసేదప్పా? ఎత్తమన్నారు. ఎత్తాల,” అన్నాడు.

“ఎత్తేముందు అడుగుతావా?”

“అడక్కుండా ఎలాగెత్తుతాను?”

అడగడమంటే ఇది. మా తాతల ఊళ్లలో శవాన్ని ఎత్తేముందు మోసేవాళ్లు వాకిట్లో నిలబడి, ఇంకా చూడాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మూడుసార్లు అడిగేవాళ్లట. ఎవరైనా ఉన్నామంటే, వాళ్ల చూపు అయ్యేదాకా శవం కదలకూడదు. మేం ఇక్కడికి వచ్చేటప్పుడు పాడె రాలేదు, నిప్పు రాలేదు, డప్పు రాలేదు. ఆ ప్రశ్న ఒక్కటి వచ్చింది. ఇక్కడ బరువు తక్కువ, మనిషిని ఒక్కడే ఎత్తేయగలడు. అయినా నలుగురూ చెయ్యి వేస్తారు, అయినా ముందు అడుగుతారు. గంటలోపే అయిపోవాలి కాబట్టి జవాబు చెప్పడానికి చాలాసార్లు ఎవరూ ఉండరు. ఖాళీ వరండాలో మూడుసార్లు అడిగి, ఎత్తుకుపోతారు.

“సూరన్నప్పుడు అడిగావా?” అన్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు ఆ మాట.

“అడిగినాను. మూడుపాల్లూ అడిగినాను.” అతను తలపాగా వైపే చూస్తున్నాడు. “ఎవులూ పలకనేదప్పా.”

నేను లేచి అతనికి టీ పోశాను.

“ఎల్లుండి కూడా అడుగు నాయుడూ,” అన్నాను. “గట్టిగా అడుగు. ఈసారి పలుకుతారు.”

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఎంత గట్టిగా నవ్వాడంటే, పిల్లి అద్దం మీద దుమ్ము రాలింది.

నమోదు 4112

గది తేమ: కొంచెం పెరిగింది. జనం ఊపిరి. రాళ్ల సంచులు రెట్టింపు పెట్టాను. చలి: సరిగ్గా ఉంది. శవాలు: ఇద్దరు మనుషులు, ఒక పిల్లి. కదల్లేదు!

కబురు భోజనశాలలో ఒక్క చంద్రావతికే చెప్పాను. అది చాలు, ఊరంతా చెప్పినట్టే. తామితమ్మను ఎత్తుతున్నారు, చూడాల్సినవాళ్లు వచ్చి చూసుకోండి అని. పొద్దున్నే తలుపు తీసేసరికి వరుస పంపుల గది దాకా ఉంది. పని దుస్తుల్లోనే వచ్చిన సొరంగంవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, గోడ పట్టుకుని నడిచే ముసలివాళ్లు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మ్యూజియం గడప తొక్కనివాళ్లూ ఉన్నారు.

దేవీవరప్రసాద్ గారు వచ్చారు, వెనక పోలినాయుడు, అతని ముగ్గురు తోడు మోతగాళ్లు. పోలినాయుడు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ఇంకా సూడాల్సినోలు ఎవులైనా ఉన్నారేటి?”

“ఉన్నాం!” అని వరండా వరండా అంతా అరిచింది. నా జన్మలో అంత మంచి శబ్దం వినలేదు.

పోలినాయుడు చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. “సూపు అవనేదు సారూ,” అన్నాడు.

“ఎంతసేపు పడుతుంది?”

“సూసినంత సేపు.”

వేరేవాళ్లతో ఎత్తిద్దామని కార్యదర్శి గారు చుట్టూ చూశారు. శవం మీద చెయ్యివేసే పని మోతగాళ్లది, వేరేవాళ్లు ఎవరూ ముందుకు రారు. ఆయన కూడా రాలేదు.

వరుసలో ఒకావిడ చూసి వెళ్లి మళ్లీ చివర నిలబడింది. వెనక కుర్రాడు పట్టేశాడు. “పొద్దున్న సూసినావు కదేటి పెద్దమ్మా?” “పొద్దున్న నా సూపు. ఇది మా ఆయన సూపు. ఆయనకి పని ఉంది, నన్ను సూడమన్నాడు,” అంది ఆవిడ. ఆ మాట అందరికీ నచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ల తరఫున, పనిలో ఉన్నవాళ్ల తరఫున, ఇంకా పుట్టనివాళ్ల తరఫున కూడా చూడ్డం మొదలుపెట్టారు. ఒకాయన భూమ్మీద ఉన్న బావమరిది తరఫున నిలబడ్డాడు. వాడు కళ్లజోడు లేకుండా చూడలేడని రెండుసార్లు చూశాడు.

నమోదు 4115

గది తేమ: పెరిగింది, కానీ నా అదుపులోనే ఉంది. చలి: సరిగ్గా ఉంది. శవాలు: ఉన్నారు.

వరుస తెగలేదు. పని మారినప్పుడల్లా కొత్తవాళ్లు వచ్చి చేరుతున్నారు. భోజనశాల వాళ్లు ఉప్మా పంపుతున్నారు.

ఈ రోజు రెండు జరిగాయి. మొదటిది, కార్యదర్శి గారు బేరానికి వచ్చారు. పిల్లిని ఉంచుతామన్నారు. బడిపిల్లలకు ఇష్టం కదా అని ఆయనే నవ్వారు. తామితమ్మ లేకుండా పిల్లి ఎందుకండీ, దానికి గిన్నెలో పాలు ఎవరు పోస్తారు అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

రెండోది అసలైంది. నాలుగో సందులో ఒక నేతపనివాడు పోయాడు. అతన్ని తీసుకుని తొట్టికి వెళ్తూ పోలినాయుడు బండి మా గుమ్మం ముందు ఆగింది. దారి నిండా జనం, ఎలా పోతాడు? లేదా పోగలిగినా ఆపాడా, అది నేను అడగలేదు. ఆ నేతపనివాడి భార్య వరుసలోనే ఉంది. కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. బండి మీద గుడ్డ తీశారు. వాళ్లిద్దరూ అతన్ని చూసుకున్నారు. నిజంగా అతన్నే! భార్య అతని చెవి వెనక అంటిన నూలుపోగు తీసి కొంగున ముడేసుకుంది. గంట దాటింది. తర్వాత తాగిన నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇదండీ కార్యదర్శి గారూ మీ అసలు భయం. ఈ ఎండిపోయిన ముసలమ్మ కాదు.

నమోదు 4116

గది తేమ, చలి, శవాలు: కింద చదవండి.

పద్నాలుగు రోజుల పెద్దపగలు ముగిసే పూట గాలిగంట మోగింది. గాలి ఎక్కడో కారుతోందంటే మోగే గంట అది. అది మోగితే ఎవరి స్థానానికి వాళ్లు పరుగెత్తాల్సిందే, లేకపోతే ఊరే పోతుంది. చంటిపిల్లలకు కూడా నేర్పే మొదటి పాఠం. వరండా ఊడ్చేసినట్టు ఖాళీ అయిపోయింది. ఉప్మా గిన్నె కూడా మూత లేకుండా వదిలేసి పోయారు.

నా స్థానం ఈ గదే. తలుపు రబ్బరు బిగించి, లోపల నిలబడాలి. బిగించబోతుంటే దేవీవరప్రసాద్ గారు వచ్చారు, వెనక మోతగాళ్లు. ఆయన ముఖం చూడగానే తెలిసింది, గాలి ఎక్కడా కారడం లేదని.

“పరీక్ష కోసం మోగించాం,” అన్నారు. నా కళ్లలోకి చూడలేదు. “కానివ్వు నాయుడూ.”

దొంగ గంట మోగించడం! పోలినాయుడు నా వైపు చూశాడు. అతను చేయగలిగింది ఒక్కటే. చేశాడు. ఖాళీ వరండా వైపు తిరిగి అడిగాడు.

“ఇంకా సూడాల్సినోలు ఎవులైనా ఉన్నారేటి?”

గోడలు ఆ మాటను తిరిగి పంపించాయి.

“ఇంకా సూడాల్సినోలు ఉన్నారేటి?”

సూరన్నను ఎత్తేముందు మూడో సొరంగంలో కూడా నాయుడు ఇలాగే అడిగి ఉంటాడు. ఇలాగే ఎవరూ పలికి ఉండరు. నేను అప్పుడు ఇదే గదిలో, ఇదే అద్దం తుడుస్తూ ఉన్నాను. ఆ మాట నా దాకా రాలేదు. ఈసారి వచ్చింది.

మూడోసారి అడగడానికి అతను నోరు తెరిచాడు.

“నేనున్నాను,” అన్నాను. “నేను ఇంకా చూడలేదు.”

దేవీవరప్రసాద్ గారు నమ్మలేనట్టు నవ్వారు. “మీరా? పదకొండేళ్లుగా రోజూ చూస్తున్నారుగా!”

“అది పని. బూజు పట్టిందా, జుట్టు రాలిందా అని చూశాను. చివరిచూపు చూడలేదు. నా మొగుడు పోయినప్పుడు ఊళ్లో అందరూ ఇక్కడికే వచ్చి చూసుకోమన్నారు. నేను చూడలేదు. ఎందుకు చూడలేదో మీకు చెప్పక్కర్లేదు.”

“అయితే చూడండి. మేం ఆగుతాం.”

“ఇప్పుడు చూడను.”

“మరెప్పుడు?”

“ఈ ఊళ్లో పోయినవాళ్లందరికీ బండి ఆగుతుందని మండలి ఒప్పుకున్నాక. ఇంటివాళ్లు వచ్చి చూసుకున్నాకే తొట్టి మూత పడుతుందని చెప్పాక. అప్పుడు కూడా నాకు బుద్ధి పుడితే.”

ఆ మాట అనేసి నేను తామితమ్మకు వీపు పెట్టి నేల మీద కూర్చున్నాను. మోకాళ్లు నొప్పెట్టాయి, అయినా కూర్చున్నాను. తలెత్తి ఎవరినీ చూడలేదు. విన్నాను. పోలినాయుడు వీపు గోడకు తగిలిన చప్పుడు, తర్వాత మిగతా ముగ్గురూ గోడకు ఆనుకున్న చప్పుడు.

“సూపు అవనేదు సారూ,” అన్నాడు పోలినాయుడు.

కార్యదర్శి గారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, చాలా మెల్లగా అన్నారు. “మా నాయనమ్మని నేను చూడలేదు నూకరత్నం గారూ.”

“తెలుసు,” అన్నాను. “వరుసలో నిలబడండి.”

నమోదు 4131

గది తేమ: సరిగ్గా ఉందని చంద్రావతి చెప్పింది. చలి: సరిగ్గా ఉందట. నేను ఆ వైపు తిరగడం లేదు కాబట్టి అంకెలు తను చదువుతుంది, నేను రాస్తున్నాను. సంచులు కూడా తనే మారుస్తోంది, నేను అటు తిరక్కుండా పేర్లు పెట్టి తిడుతూ నేర్పిస్తున్నాను. గదిలోకి వెనక్కి నడిచి వస్తాను, ముందుకు నడిచి పోతాను. పిల్లలు నన్ను చూసి అలాగే నడుస్తున్నారు. నవ్వితే నవ్వనీ.

మండలి ఇంకా ఒప్పుకోలేదు. చర్చిస్తోందట. ఈలోపు ఊళ్లో ముగ్గురు పోయారు, మూడుసార్లూ బండి ఈ గుమ్మం ముందు ఆగింది. మూడుసార్లూ ఇంటివాళ్లు వచ్చేదాకా ఆగింది. నిన్న వరుసలో దేవీవరప్రసాద్ గారిని చూశానని చంద్రావతి అంది. తన వంతు వచ్చేలోపే వెళ్లిపోయారట. మళ్లీ వస్తారు.

ఒక మాట ఎప్పుడూ రాయలేదు ఈ చిట్టాలో. తామితమ్మ చెక్కపెట్టె పక్కన రెండు పెద్ద కళ్లు గీసి ఉన్నాయి. లోపల పడుకున్న మనిషి బయటికి చూడ్డానికని ఆ కాలం వాళ్లు గీసేవాళ్లు. నేను వీపు పెట్టి కూర్చునే చోటికి ఆ కళ్లు సరిగ్గా ఎదురుగా ఉంటాయి. నేను చూడకపోతే ఏం, ఆవిడ నన్ను చూస్తూనే ఉంది. సూరన్న కూడా చూస్తున్నాడనుకుంటాను. అలా అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ పూట కూడా పోలినాయుడు వచ్చి గుమ్మంలో నిలబడి అడిగాడు. మూడుసార్లు అడిగాడు. నేను మూడుసార్లూ పలికాను.

శవాలు: ఇద్దరు మనుషులు, ఒక పిల్లి. ఉన్నచోటే ఉన్నారు.

చివరిచూపు: ఇంకా కాలేదు.